కారు బ్రేకులు ఎన్నాళ్లు వస్తాయి, ఎప్పుడు మార్చాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో వాళ్లు, ఆఫీసులో వాళ్లు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎదురయ్యే వాళ్లు బ్రేకుల గురించి అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. పదమూడేళ్లుగా మా ఇంట్లో కార్ల బ్రేకుల పని నేనే దగ్గరుండి చేయించుకుంటున్నాను, అందుకని తెలిసినంతవరకు ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, దేనికదే చదువుకోవచ్చు.

## కారు మామూలుగా నడుస్తున్నప్పుడు

బ్రేక్ ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లు వస్తాయి? ఒక్క నంబర్ చెప్పండి చాలు

ఒక్క నంబర్ చెప్తే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టే. మన చిన్న కార్లలో ముందు ప్యాడ్లు (బ్రేకు వేస్తే, చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టేవి) మామూలుగా 30 వేల నుంచి 60 వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో వెళ్లొచ్చే కారుకి 25 వేలకే అయిపోవచ్చు, అదే కారు వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద తిరిగితే 70 వేలు కూడా రావచ్చు. అందుకే కిలోమీటర్లు అడగడం కన్నా ప్యాడ్ మీద ఎన్ని మిల్లీమీటర్ల మందం మిగిలిందో అడగండి. కొత్త ప్యాడ్‌కి వెనక ఉండే ఇనుప ప్లేటు కాకుండా, అరిగే పదార్థం 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. 2 కన్నా తగ్గిందంటే కారు నేరుగా షెడ్డుకే వెళ్లాలి, ఇంకెక్కడికీ కాదు.

నా ప్యాడ్లు ఇంకా ఎంత దూరం వస్తాయో ముందే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, పెద్ద లెక్క కూడా కాదు. సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ ముందు ప్యాడ్ల మందం కొలిచి బిల్లు మీద రాయమనండి. కొత్తగా వేసినప్పుడు 11 మిల్లీమీటర్లు ఉన్న ప్యాడ్ 30 వేల కిలోమీటర్లకు 6 అయిందనుకోండి. అంటే 5 అరగడానికి 30 వేలు పట్టింది, ఒక్కో మిల్లీమీటరుకి 6 వేలు. మార్చాల్సిన 3 దాకా ఇంకా 3 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి సుమారు 18 వేల కిలోమీటర్లు వస్తాయి. మధ్యలో ఉద్యోగం మారి ఊళ్లో తిరుగుడు పెరిగితే ఈ లెక్క తప్పుతుంది, అందుకే ప్రతి సర్వీసుకీ మళ్లీ కొలవాలి. రెండు నిమిషాల పని, మొహమాటపడకుండా అడగండి.

ముందు బ్రేకులు, వెనక బ్రేకులు ఒకేసారి అరుగుతాయా?

అరగవు. బ్రేకు వేయగానే కారు బరువు ముందుకి ఒరుగుతుంది, మీ తల ముందుకి వంగినట్టే. అందుకే ఆపే పనిలో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ముందు చక్రాలే చేస్తాయి. మన దగ్గర చాలా చిన్న కార్లలో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. డ్రమ్ము అంటే చక్రంతో తిరిగే గిన్నె లాంటిది, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే షూస్‌ని మన మెకానిక్‌లు లైనర్లు అని కూడా అంటారు. అవి మామూలుగా ముందు ప్యాడ్లు రెండుసార్లు మార్చే దాకా వస్తాయి. వచ్చాయి కదా అని అసలు డ్రమ్ము తీసి చూడని వాళ్లే ఎక్కువ, కనీసం 20 వేల కిలోమీటర్లకు ఒకసారి తీయించి దుమ్ము శుభ్రం చేయించండి.

ఒకే కారు, మా అన్నయ్యకు 55 వేలు వచ్చాయి, నాకు 28 వేలకే అయిపోయాయి. ఎందుకు?

రోడ్డు ఒక కారణం, కాలు ఇంకో కారణం. 80లో వెళ్తున్న కారుని ఆపితే పుట్టే వేడి, 40లో ఉన్నప్పుడు ఆపితే పుట్టే వేడికి రెండింతలు కాదు, నాలుగింతలు. సిగ్నల్ ఎర్రగా కనిపిస్తున్నా యాక్సిలరేటర్ మీద కాలు ఉంచి చివర్లో గట్టిగా తొక్కేవాళ్ల ప్యాడ్లు అందుకే త్వరగా పోతాయి. ఇంకో అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, బ్రేకు తొక్కగానే క్లచ్ కూడా పూర్తిగా తొక్కేయడం. అలా చేస్తే ఇంజిన్ చేసే సాయం పోయి బరువంతా ప్యాడ్ల మీదే పడుతుంది. మొదట బ్రేకు, కారు బాగా నెమ్మదించాకే క్లచ్. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

ఆటోమేటిక్ కారులో బ్రేకులు త్వరగా అరుగుతాయా?

ఊళ్లో అయితే కొంచెం త్వరగానే. డ్రైవ్‌లో ఉన్నంతసేపూ కారు ముందుకి పాకుతూనే ఉంటుంది, దాన్ని ఆపి ఉంచేది బ్రేకే. పైగా చాలా ఆటోమేటిక్‌లు ఇంధనం ఆదా కోసం పై గేర్లలోనే నడుస్తాయి, కాబట్టి ఇంజిన్ పట్టు తక్కువ.

ఎలక్ట్రిక్ కారుకి బ్రేకులు మార్చే పనే ఉండదట కదా?

ఉంటుంది, కాకపోతే చాలా ఆలస్యంగా. యాక్సిలరేటర్ వదలగానే మోటారే కారుని నెమ్మదింపజేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది (దీన్నే రీజెన్ అంటారు) కాబట్టి ప్యాడ్లకు పని తగ్గుతుంది. కానీ పని లేకపోవడమే వాటికి ఇంకో సమస్య. డిస్కులు తుప్పు పడతాయి, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుపోతాయి, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలికి ఇంకా తొందరగా. వారానికి ఒకసారి ఖాళీ రోడ్డు మీద రీజెన్ తగ్గించి నాలుగైదు సార్లు బ్రేకుతోనే ఆపండి. బ్రేక్ ఆయిల్ మాత్రం పెట్రోల్ కారుకి మార్చినట్టే మార్చాలి.

## ఏదో తేడా అనిపించినప్పుడు

బ్రేకు వేస్తే కీచుమంటోంది. ప్యాడ్లు అయిపోయినట్టేనా?

ప్రతి కీచుశబ్దానికీ అదే అర్థం కాదు. రాత్రి వాన పడి పొద్దున్నే కారు తీస్తే డిస్కు మీద పల్చటి తుప్పు ఉంటుంది, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది, శబ్దమూ పోతుంది. దుమ్ము చేరినా కీచుమంటుంది. కానీ చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది, ప్యాడ్ అరిగి చివరికి రాగానే అది డిస్కుకి తగిలి కూత పెట్టేలా కావాలనే పెడతారు. రోజంతా, ఎండలోనూ, నెమ్మదిగా వెళ్తున్నప్పుడూ సన్నగా కూత వస్తూనే ఉంటే అది ఆ రేకే అనుకుని ఆ వారంలోనే చూపించండి. శబ్దం పోవాలని డిస్కు మీద ఆయిల్, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే లాంటివి కొట్టకండి. శబ్దంతో పాటు బ్రేకు కూడా పోతుంది.

కీచుమనడం ఆగిపోయి ఇప్పుడు గరగరమంటోంది

ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. ప్యాడ్ పూర్తిగా అయిపోయి వెనక ప్లేటు డిస్కుని కోసేస్తోంది. ఇక కారు తీయకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. ప్యాడ్లతో పోయే ఖర్చు ఇప్పుడు డిస్కు దాకా వచ్చింది.

హైవే మీద బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది

చాలాసార్లు ముందు డిస్కుల వల్లే. అందరూ డిస్కు బెండ్ అయింది అంటారు కానీ, ఎక్కువగా జరిగేది డిస్కు చుట్టూ మందం ఒకేలా లేకపోవడం, లేదంటే బాగా వేడెక్కిన ప్యాడ్ పదార్థం ఒకచోట అంటుకుపోవడం. టైర్లు మార్చినప్పుడు వీల్ నట్లను ఒకదాన్ని ఎక్కువ, ఒకదాన్ని తక్కువ బిగించినా కొన్నాళ్లకు ఇలా వస్తుంది. బ్రేకు వేయకపోయినా వణుకుతుంటే అది వీల్ బ్యాలెన్సింగ్ సంగతి, బ్రేకులది కాదు.

పెడల్ మెత్తగా, స్పాంజిలా లోపలికి పోతోంది. రెండుసార్లు తొక్కితే గట్టిపడుతోంది

బ్రేక్ ఆయిల్ లైన్లలో గాలి చేరి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయి ఉండాలి. వెనక డ్రమ్ము షూస్ ఎడ్జస్ట్‌మెంట్ బాగా వదులైనా రెండోసారి తొక్కితేనే బ్రేకు పడుతుంది. కారణం ఏదైనా సరే, బ్రేకుల్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టే లక్షణం ఇదే. ఈ కారులో పిల్లల్ని స్కూలుకి దింపి వచ్చి అప్పుడు చూపిద్దాం అనుకోకండి, ముందు చూపించండి.

పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బలమంతా పెట్టి తొక్కాల్సి వస్తోంది

మీ కాలి బలానికి తోడు సాయం చేసే బ్రేకు బూస్టర్‌కి వాక్యూమ్ అందడం లేదు. ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు: ఇంజిన్ ఆపి ఉండగా పెడల్‌ని గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కండి, అలాగే నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పని చేస్తున్నట్టు. కదలకపోతే వాక్యూమ్ పైపు, వాల్వు, బూస్టర్ చూపించాలి.

బ్రేకు వేస్తే కారు ఒక పక్కకి లాగుతోంది

ఒక పక్క కాలిపర్ జామ్ అయి ఉంటుంది, లేదా ఒక ప్యాడ్‌కి ఆయిల్ అంటి ఉంటుంది. మొదట టైర్లలో గాలి సరిచూసుకోండి, అది సరిగ్గా ఉన్నా లాగుతుంటే షెడ్డుకి వెళ్లండి. కాసేపు నడిపి దిగాక ఒక చక్రం దగ్గర మాత్రమే ఎక్కువ వేడి, కాలిన వాసన వస్తుంటే ఆ పక్కదే జామ్ అయినట్టు. చక్రాన్ని చేత్తో ముట్టుకోకండి, దగ్గరగా పెడితే చాలు, సెగ తెలుస్తుంది.

మీటర్ మీద బ్రేకు లైటు వెలిగింది. హ్యాండ్ బ్రేకు దించే ఉంది

ఎర్ర లైటు అయితే బ్రేక్ ఆయిల్ తగ్గిందని అర్థం, బానెట్ తీసి డబ్బాలో మట్టం చూడండి. పసుపు రంగులో ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పడుతుంది, కానీ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ కాకుండా కాపాడే ఏర్పాటు పని చేయడం లేదు, వానలో మరీ జాగ్రత్తగా నడపాలి. రెండూ కలిసి వెలిగితే పక్కకి ఆపేయండి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఆ తర్వాత కొన్న మీ కారులో ఈ లైటు తప్పకుండా ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ తగ్గింది. కొంచెం పోసేస్తే సరిపోతుందా?

పోసే ముందు ఎందుకు తగ్గిందో చూడాలి. ప్యాడ్లు అరిగే కొద్దీ కాలిపర్ పిస్టన్ బయటికి వస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్లి డబ్బాలో మట్టం దిగుతుంది. అంటే మెల్లగా, నెలల మీద తగ్గితే అది ప్యాడ్లు అరిగాయని మీకు చెప్తున్న కబురు. పోసి ఆ కబురు దాచేయకండి. అదే నాలుగు రోజుల్లో తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. చక్రాల లోపలి వైపు, పెడల్ దగ్గర తడి ఉందేమో చూసుకుని, కారు తీయకుండా మెకానిక్‌కి ఫోన్ చేయండి.

## షెడ్డుకి తీసుకెళ్లినప్పుడు

40 వేలు దాటింది కాబట్టి ప్యాడ్లు మార్చాలంటున్నారు. నమ్మొచ్చా?

కిలోమీటర్లు చూసి చెప్తే ఒప్పుకోవద్దు, మందం చూపించి చెప్తే ఒప్పుకోండి. చక్రం విప్పించి మీ కళ్ల ముందు కొలవమనండి. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ చూడాలి, ఎందుకంటే పిన్నులు బిగుసుకుంటే లోపలిది ముందే అయిపోతుంది, బయట నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. మా కారుకి ఒకసారి 6 మిల్లీమీటర్లు ఉండగానే మార్చాలన్నారు. ఇంకోసారి వేరే చోట బయటి ప్యాడ్ మాత్రమే చూసి బాగుందని పంపించేశారు, లోపలిది 2 కూడా లేదు. ఈ రెండోదే నాకు ఎక్కువ బాధ కలిగించింది, డబ్బు పోతే మళ్లీ వస్తుంది.

ఒక పక్కదే అరిగింది, ఆ పక్కదే మార్చితే?

వద్దు. ముందు అయితే ముందు రెండు పక్కలా, వెనక అయితే వెనక రెండు పక్కలా కలిపే మార్చాలి, లేకపోతే కారు ఒక పక్కకి లాగుతుంది. ఒక పక్క మాత్రమే ఎందుకు అరిగిందో కూడా అడగండి.

ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాలా?

ప్రతిసారీ అక్కర్లేదు. డిస్కు మీదనే దాని కనీస మందం చెక్కి ఉంటుంది, దానికన్నా తగ్గితేనే మార్చాలి, లేదా పగులు ఉన్నా, లోతుగా గాట్లు పడ్డా. గీతలు, వణుకు ఉంటే లేత్ మీద పట్టించి నునుపు చేయించవచ్చు, కానీ అలా తీసేశాక కూడా మందం ఆ అంకెకి పైన ఉండాలి. పల్చటి డిస్కు వేడిని తట్టుకోలేదు.

బ్రేక్ ఆయిల్ అసలు మార్చాలా? ఐదేళ్లు అయింది, బాగానే పడుతోంది

మార్చాలి, రెండేళ్లకు ఒకసారి, కారు తిరిగినా తిరగకపోయినా. వానాకాలంలో మూత సరిగా పెట్టని ఉప్పు చెమ్మెక్కినట్టు బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని లాక్కుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఊళ్లో అంత వేడి పుట్టదు కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది. ఘాట్ దిగేటప్పుడు పుడుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తే మీరు తొక్కేది ఆ బుడగల్ని, పెడల్ నేల దాకా పోతుంది, బ్రేకు పడదు. మీ కారుకి ఏ రకమో డబ్బా మూత మీద రాసి ఉంటుంది. డాట్ 5 అనేది సిలికాన్ రకం, దాన్ని వీటితో ఎప్పుడూ కలపకూడదు. సీలు తీసి నెలలు అయిన సీసాలోది పోయనివ్వకండి.

ఒరిజినల్ ప్యాడ్లే వేయించాలా, బయటి కంపెనీవి పరవాలేదా?

కార్ల కంపెనీలకే బ్రేకులు సరఫరా చేసే పేరున్న సంస్థలవి అయితే పరవాలేదు, నేనూ వేయించాను. భయమల్లా నకిలీలతోనే. డబ్బా ఒరిజినల్‌లానే ఉంటుంది, ధర మాత్రం సగం. అలాంటివి వేడెక్కగానే జారతాయి, పదార్థం ప్లేటు నుంచి ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది. బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

ఎంత ఖర్చవుతుంది?

చిన్న కార్లకు ముందు ప్యాడ్ల సెట్టు సుమారు 1,500 నుంచి 3,000 రూపాయలు, లేబర్ వేరే. పెద్ద ఎస్‌యూవీలకు ఇంకా ఎక్కువ. డిస్కుల జత పడితే ఖర్చు రెండు మూడింతలు అవుతుంది, ప్యాడ్లు సమయానికి మార్చమనేది అందుకు కూడా.

వెనక కూడా డిస్కులే, హ్యాండ్ బ్రేకు బటన్‌తో పని చేస్తుంది. ఏ మెకానిక్ అయినా మార్చగలడా?

ఆ కారుని స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తేగలిగినవాళ్లే ముట్టుకోవాలి. బలవంతంగా పిస్టన్ నెడితే లోపలి మోటారు పాడవుతుంది. ముందే అడిగి తెలుసుకోండి.

## మార్చిన తర్వాత

కొత్త ప్యాడ్లు వేయించాక బ్రేకు ముందుకన్నా తక్కువ పడుతోంది. మోసం చేశారా?

చాలావరకు కాదు. కొత్త ప్యాడ్, పాత డిస్కు ఒకదానికొకటి అమరడానికి 200, 300 కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా ముందు బండికి దూరం పాటిస్తూ మెల్లగా బ్రేకు వేయండి, ఘాట్ ప్రయాణం పెట్టుకోకండి. అంటే తిరుపతి వెళ్లే ముందు రోజు మార్పించడం మంచిది కాదు, రెండు వారాల ముందే చేయించండి.

షెడ్డు నుంచి కారు తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్ వేయకముందే పెడల్‌ని గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కండి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ని లోపలికి నెడతారు, మొదటిసారి తొక్కితే పెడల్ నేరుగా కిందికి పోతుంది, ఇది తెలియక ఎదురుగా ఉన్న గోడకు గుద్దేవాళ్లు ఉన్నారు. వీల్ నట్లు బిగించారో లేదో మీరే చూడండి. పాత ప్యాడ్లు చూపించమని అడగండి.

## ఘాట్లు, వానలు, దూర ప్రయాణాలు

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా ఏం చేయాలి?

ఎక్కిన గేరులోనే దిగండి, పెద్దవాళ్లు చెప్పే ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మనుషులతో కలిపి 1,300 కిలోల కారు 700 మీటర్ల ఎత్తు నుంచి బ్రేకుల మీదే దిగిందంటే, ఆ వేడితో ముప్పై లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. ఆ వేడంతా నాలుగు చక్రాల దగ్గర పుడుతుంది, అందులో ఎక్కువ భాగం ముందు రెండింటి మీదే. రెండో గేరులో దిగితే చాలా భాగం ఇంజిన్ మోస్తుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, కాస్త గట్టిగా వేసి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి, ఆ వదిలిన క్షణాల్లోనే డిస్కు చల్లబడుతుంది. ఆటోమేటిక్ అయితే ఎల్ (లో గేరు) కానీ, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు కానీ పెట్టండి.

ఇది నేను చదివి చెప్తున్నది కాదు. కొన్నేళ్ల కిందట దర్శనం చేసుకుని దిగుతుంటే, కారు నిండా మనుషులు, మా అమ్మ ముందు సీట్లో, సగం దూరం వచ్చేసరికి పెడల్ మెత్తబడిపోయింది. మూడో గేరులో బ్రేకు మీద కాలు పెట్టి దిగుతున్నాను, ఆయిల్ నాలుగేళ్లుగా మార్చలేదు, సర్వీసు చేసినవాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకటో గేరులోకి దింపి, కొండ వైపు ఆపి, ముప్పావుగంట కూర్చున్నాం. అమ్మ ఏమీ అనలేదు, గోవింద నామం చెప్పుకుంటూ కూర్చుంది. ఆ తర్వాతే బ్రేకుల గురించి నేర్చుకోవడం మొదలుపెట్టాను.

దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుంది కదా?

మిగలదు. ఇప్పటి కార్లన్నీ ఫ్యూయెల్ ఇంజెక్షన్‌వి, గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కి ఇంధనం ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం కాలుతూనే ఉంటుంది. రూపాయి మిగలకపోగా బ్రేకుల మీద బరువంతా పడుతుంది.

ఘాట్ దిగాక చక్రాల నుంచి పొగ వస్తోంది. నీళ్లు పోయొచ్చా?

పోయొద్దు. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పోసినట్టే, డిస్కు వంకరపోవచ్చు, పగలవచ్చు. నీడలో ఆపి అరగంట వదిలేయండి. హ్యాండ్ బ్రేకు కూడా లాగకండి, గేరులో పెట్టి టైరు కింద రాయి పెట్టండి.

వానకి నీళ్లు నిలిచిన రోడ్డు దాటాక బ్రేకు పడటం లేదు

డ్రమ్ముల్లో నీళ్లు చేరాయి, డిస్కులూ తడిశాయి. వెనక బండ్లు చూసుకుని నెమ్మదిగా వెళ్తూ బ్రేకుని తేలిగ్గా కొన్నిసార్లు తొక్కండి, ఆ వేడికి ఆరిపోతాయి. తడిసిన కారుని హ్యాండ్ బ్రేకు వేసి రోజుల తరబడి వదిలేస్తే షూస్ డ్రమ్ముకి అతుక్కుపోతాయి, చదునైన చోట గేరులో ఉంచితే చాలు.

దారిలో ఉన్నట్టుండి బ్రేకు పడకపోతే ఏం చేయాలి?

పెడల్‌ని గబగబా పదే పదే తొక్కండి, చాలాసార్లు కొంత ఒత్తిడి తిరిగి వస్తుంది. తొక్కుతూనే గేర్లు ఒక్కొక్కటిగా దింపండి, ఐదు నుంచి మూడు, రెండు. హ్యాండ్ బ్రేకుని బటన్ నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు లాక్ అయి కారు తిరిగిపోతుంది. బటన్ హ్యాండ్ బ్రేకు అయితే చాలా కార్లలో దాన్ని లాగి పట్టుకుంటే కారే తనంతట మెల్లగా ఆపుతుంది, మీ కారు మాన్యువల్‌లో ఒకసారి చూసి పెట్టుకోండి. ఇంజిన్ ఆపకండి, తాళం తీయకండి, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. హారన్, హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకి, వీలైతే ఎత్తుగా ఉన్న వైపుకి తిప్పండి. ఆగాక బ్రేకు మళ్లీ పడుతున్నట్టు అనిపించినా సరే, ఆ కారు అక్కడి నుంచి టోయింగ్ బండి మీదే వెళ్లాలి.